మీ కథలోని జీవి ఏలియనా, మాన్‌స్టరా? లేబుల్ ఎలా తేల్చుకోవాలి

చాలాకాలం కిందట నేను రాసిన ఒక కథలో ఉల్క పడిన గుంతలోంచి ఒక జీవి పాక్కుంటూ బయటికి వస్తుంది. రాత్రికి ఒకరి చొప్పున మింగేస్తుంది. ఆకాశం నుంచి వచ్చింది కదా అని కథ పైన ‘సైన్స్ ఫిక్షన్’ అని రాసి పంపించాను. చదివినవాళ్లు వరసబెట్టి అడిగారు. అది ఏ గ్రహానిది? ఇక్కడి గాలి దానికెలా సరిపోయింది? అన్నీ వదిలేసి మనుషుల్నే ఎందుకు తింటోంది? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. అసలు ఆ దిక్కుగా ఆలోచించనే లేదు. కొన్నాళ్లకి అదే కథని, ఒక్క అక్షరం మార్చకుండా, ‘హారర్’ అని పెట్టి ఇంకోచోట ఇచ్చాను. ఈసారి గాలి గురించి ఎవరూ అడగలేదు. లైటు వేసుకుని పడుకున్నామని ఇద్దరు చెప్పారు.

మారింది లేబుల్ ఒక్కటే. ఏ ప్రశ్నలు పట్టుకుని కథలోకి దిగాలో పాఠకుడికి లేబుల్ ముందే చెప్పేస్తుంది. ఏలియన్ అనగానే ఎక్కడిది, ఎలా బతుకుతుంది, దానికేం కావాలి అని మొదలవుతుంది. మాన్‌స్టర్ అనగానే ఎక్కడ దాక్కుంది, ఎప్పుడొస్తుంది, ఈసారి ఎవరి వంతు అని మొదలవుతుంది. మీ కథ ఏ ప్రశ్నలకి జవాబిస్తుందో చూసి లేబుల్ పెట్టాలి. వినడానికి సులువే. కానీ సొంత కథ ముందు కూర్చుంటే అంత తేలిగ్గా తెగదు. అందుకే నేను పాటించే వరస ఇక్కడ రాస్తున్నాను. మీరు కథ రాసేవాళ్లయినా, వచ్చిన కథల్ని వర్గాలుగా విడదీసే ఎడిటరైనా పనికొస్తుంది.

మాన్‌స్టర్ అన్న మాటని అలాగే ఉంచేశాను, ఏమనుకోకండి. రాక్షసుడు, భూతం, పిశాచి అని మనకు మాటలు చాలానే ఉన్నాయి. కానీ ఒక్కోటీ తన వెనకాల తన కథల్ని లాక్కొస్తుంది. దెయ్యం మరీ వేరు, అది ఒకప్పుడు మనిషి. ఈ వ్యాసంలో దాని జోలికి పోను.

మొదటి మెట్టు: రూపాన్ని పక్కన పెట్టండి

అందరూ రూపం దగ్గరే మొదలుపెడతారు. టెంటకిల్స్ (ఆక్టోపస్‌కి ఉండే లాంటి పొడవాటి చేతులు) ఉంటే ఏలియన్, కోరలుంటే మాన్‌స్టర్ అనుకుంటారు. ఇది ఎంత పనికిరాని కొలతో చూడాలంటే 1897కి వెళ్లాలి. ఆ ఏడాది బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ ఒక పత్రికలో సీరియల్‌గా మొదలైంది, మరుసటి ఏడు పుస్తకమైంది. రెండింటిలోనూ మనిషి రక్తంతో బతికే జీవులే. ఒకటేమో కోటలో ఉండే పెద్దమనిషి, మర్యాదగా మాట్లాడతాడు. ఇంకొకటి పెద్ద తలా టెంటకిల్సూ ఉన్న ముద్ద. రూపాన్ని బట్టి లేబుల్ పెట్టాలంటే ముద్దే మాన్‌స్టర్ అవ్వాలి. జరిగింది మాత్రం తలకిందులు. పెద్దమనిషి మాన్‌స్టర్లకే పెద్ద అయ్యాడు, ముద్ద గ్రహాంతరవాసుల కథలకి మూలపురుషుడైంది.

ఎందుకని? వెల్స్ తన మార్షియన్లు, అంటే అంగారక గ్రహం నుంచి దిగినవాళ్లు, రక్తం ఎందుకు తీసుకుంటారో చెప్తాడు. వాటికి జీర్ణవ్యవస్థ లేదు. అందుకని వేరే ప్రాణుల రక్తాన్ని నేరుగా తమ నరాల్లోకి ఎక్కించుకుంటాయి. నిద్ర కూడా పోవు. చివరికి ఎలా చచ్చిపోతాయి అన్నదానికీ కారణం ఉంది. ఇక్కడి సూక్ష్మజీవుల్ని తట్టుకునే శక్తి వాటి ఒంట్లో లేదు. డ్రాకులాకీ కట్టుబాట్లు తక్కువేం కాదు. వెల్లుల్లి పడదు, అద్దంలో కనిపించడు, ఇంట్లోవాళ్లు ఒకసారి పిలిస్తే తప్ప గడప దాటలేడు. కానీ పిలవకపోతే ఎందుకు రాలేడు అని పుస్తకం తవ్విచూడదు. మనమూ అడగం. మార్షియన్‌కి ఉన్నది కారణం, డ్రాకులాకి ఉన్నది నియమం.

ఈ తేడా ఎంత గట్టిదో ఇంకో పుస్తకంలో తెలుస్తుంది. 1954లో రిచర్డ్ మాథెసన్ ‘ఐ యామ్ లెజెండ్’ రాశాడు. అందులో ఉన్నవి పాత రక్తపిశాచాలే. పాత వెల్లుల్లే. అయితే కథానాయకుడు మైక్రోస్కోపు సంపాదించి, వాటి రక్తం చూసి, బాక్టీరియాని పట్టుకుంటాడు. వెల్లుల్లి ఎందుకు పనిచేస్తోందని బుర్ర బద్దలు కొట్టుకుంటాడు. అంతే, నియమం కారణంగా మారింది, పిశాచాల కథ వెళ్లి సైన్స్ ఫిక్షన్ అరలో కూర్చుంది. ఒంటి మీద వెంట్రుక కూడా మారలేదు.

కాబట్టి మీ జీవికి ఎన్ని కాళ్లున్నాయో నాకు చెప్పకండి. దాని గురించి మీ కథలో ఉన్న వాక్యాలన్నీ ఒక కాగితం మీదకి ఎత్తండి. వాటిలో ఎన్ని నియమాలు, ఎన్ని కారణాలు? పక్కన ‘ని’ అనో ‘కా’ అనో రాసుకుంటూ పోండి. నా ఉల్క జీవికి చేసి చూస్తే ‘ని’ ఏడు వచ్చాయి, ‘కా’ ఒక్కటీ రాలేదు. అప్పుడే ఈ పని చేసి ఉంటే ఆ పరువు దక్కేది.

రెండో మెట్టు: పుట్టిన చోటు చూడండి, కానీ పూర్తిగా నమ్మకండి

‘గ్రహాంతరవాసి’ అన్న మాటలోనే అడ్రసు ఉంది. వేరే గ్రహంలో కాపురం ఉండేవాడు అని. ‘రాక్షసుడు’ అన్న మాటలో మనకు వినిపించేది ప్రవర్తన. ఎవరినైనా తిట్టాలనుకుంటే “వాడు మనిషి కాదు, రాక్షసుడు” అంటాం. గ్రహాంతరవాసి అని తిట్టం. అంటే ఒకటి ఎక్కడివాడో చెప్తుంది, ఇంకొకటి ఏం చేస్తాడో చెప్తుంది. రెండూ ఒకే కొలబద్ద మీది గీతలు కావు కాబట్టి ఒకే జీవి రెండూ అయ్యే వీలుంది. గందరగోళమంతా అక్కడే.

దీన్ని చక్కగా విడగొట్టినవాళ్లు జపాన్ సినిమావాళ్లు. వాళ్లకి రెండు వేర్వేరు మాటలున్నాయి. కైజూ అంటే వింత మృగం, ఉచూజిన్ అంటే అంతరిక్షపు మనిషి. 1954లో వచ్చిన గాడ్జిల్లా కైజూ, భూమ్మీదిదే. 1964లో వచ్చిన మూడు తలల కింగ్ గిడోరా అంతరిక్షం నుంచి దిగింది, అయినా కైజూయే. మరుసటి ఏడాది, 1965లో, ఇంకో సినిమాలో అదే గిడోరాని ఒక గ్రహం వాళ్లు తమ ఆయుధంగా వాడుకుంటారు. ఆ గ్రహం వాళ్లు మాట్లాడతారు, బేరం ఆడతారు, మోసం చేస్తారు. ఇద్దరూ భూమి బయటివాళ్లే. కానీ బేరం ఆడినవాళ్లు ఏలియన్లు, తోలుకొచ్చింది మాన్‌స్టర్. ఏ ప్రేక్షకుడికీ ఇందులో అనుమానం రాలేదు.

1966లో మొదలైన అల్ట్రామన్ టీవీ సీరియల్లో ఇంకా బాగుంటుంది. పెద్ద పెద్ద పట్టకార్ల లాంటి చేతులూ పురుగు ముఖమూ ఉన్న బాల్టన్ అనే జీవి రెండో ఎపిసోడ్‌లోనే వస్తుంది. చూస్తే కైజూ అనే అనిపిస్తుంది. కానీ పేరు చివర ‘సేజిన్’ అని తగిలించారు, అంటే ఫలానా నక్షత్రపు మనిషి. ఎందుకంటే దానికి పోయిన గ్రహం ఒకటుంది, ఇక్కడ ఉండిపోవాలన్న కోరిక ఉంది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి నోరు అరువు తీసుకుంటుంది.

మీరు చేయాల్సిన పని: ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్నదానికి ఒక్క వాక్యం రాయండి. తర్వాత ఆ వాక్యాన్ని కథలోంచి తీసేస్తే ఏం కూలిపోతుందో చూడండి. ఏమీ కూలకపోతే అంతరిక్షం అక్కడ ఊరికే తలుపు మాత్రమే. పాత కథల్లో సమాధిలోంచో సముద్రంలోంచో వచ్చేది, మీ కథలో పైనుంచి వచ్చింది, అంతే. ‘ఎ క్వైట్ ప్లేస్’ మొదటి సినిమా 2018లో వచ్చినప్పుడు ఆ చెవుల జీవుల పుట్టుక గురించి పెద్దగా చెప్పలేదు. రెండో భాగం మొదట్లో ఆకాశం నుంచి ఏదో పడడం చూపించారు. దాంతో అవి ఏలియన్లని ఖాయమైంది. అయినా సినిమా హారర్‌గానే ఉంది, ఎందుకంటే ఆ ఒక్క సంగతి తెలిసినా మనం చేసే పని మారలేదు. చప్పుడు చెయ్యకుండా కూర్చోవడమే.

మూడో మెట్టు: ఒక్క సీను రెండు రకాలుగా రాసి చూడండి

ఇదే అసలు పని. గంట పడుతుంది, కానీ మిగతా మెట్లన్నీ వదిలేసినా దీన్ని వదలకండి. మీ జీవి మొదటిసారి కనిపించే సీను తీసుకోండి. నేను ఒకటి రాస్తాను.

*రాత్రి రెండు దాటింది. గోడౌన్ వెనక తలుపు దగ్గర ఏదో గీరుతున్న చప్పుడు. సరళ టార్చి వేసింది. తాళం విరిగి నేల మీద పడి ఉంది. దాని పక్కన తడిగా మెరుస్తూ, ఆరు కాళ్లతో, గొర్రె అంత ఆకారం.*

ఇక్కడి వరకు లేబుల్ లేదు. ఇప్పుడు ఒక దారి:

*సరళ ఊపిరి బిగపట్టింది. గీరడం ఆగింది. ఎంతసేపని ఆపుకుంటుంది? మెల్లగా వదిలింది. గీరడం మళ్లీ మొదలైంది, ఈసారి ఒక అడుగు దగ్గరగా.*

ఇంకో దారి:

*అది విరిగిన తాళాన్ని ముందు కాళ్లతో ఎత్తింది. తిప్పి చూసింది. కొక్కేన్ని రంధ్రంలో పెట్టబోయింది, పట్టలేదు. మళ్లీ పెట్టింది. కాసేపటికి సరళ వైపు తిరిగి, తాళాన్ని నేల మీద పెట్టి, ఆమె వైపు మెల్లగా తోసింది.*

రెండింటిలోనూ జీవి ఒకటే, చీకటి ఒకటే. గ్రహం మాట రాలేదు, నౌక లేదు, వింత వెలుగు లేదు. అయినా రెండోది చదివితే “దానికేం కావాలి?” అనిపిస్తుంది. మొదటిది చదివితే “సరళ పారిపో” అనిపిస్తుంది. ఇక్కడ ఒక తప్పు దొర్లుతుంటుంది, తెలివి ఉంటే ఏలియన్, లేకపోతే మాన్‌స్టర్ అనుకోవడం. మొదటి దారిలోని జీవి తెలివి తక్కువదేం కాదు, ఊపిరి విని అడుగు లెక్క కడుతోంది. కాకపోతే దాని తెలివంతా వేటకే ఖర్చవుతోంది. రెండోదాని తెలివి వేటకి సంబంధం లేని పని మీద ఉంది. తాళం విరగ్గొట్టడం తప్పేమో అన్న అనుమానం లాంటిది ఏదో దానికి ఉంది. నాకు తెలిసినంతలో ఏలియన్‌కి ఇంతకంటే మంచి గుర్తు లేదు. కథకి అక్కర్లేని, తన సొంత పని ఒకటి దానికి ఉండాలి.

మీ సీనుని ఇలాగే రెండు రకాలా రాయండి. ఒకటి చేతికి సాఫీగా వస్తుంది, ఇంకొకటి ఈడ్చుకుంటూ వస్తుంది. సాఫీగా వచ్చినది ఏదో అదే మీ కథ అసలు రంగు. ఈడ్చుకుంటూ వచ్చినదే బాగుందని పొంగిపోయి కథంతా తిరగరాసినవాళ్లనీ చూశాను, అది మీ ఇష్టం.

నాలుగో మెట్టు: ‘అవి వచ్చాయా, వాళ్లు వచ్చారా?’

ఈ పరీక్ష తెలుగులో రాసేవాళ్లకి ఉచితంగా దొరికిన వరం. మన క్రియలు ఊరికే ఉండనివ్వవు. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ‘అవి వచ్చాయి’ అని రాస్తే మీ జీవులు మృగాల వరసలోకి వెళ్లాయి. ‘వాళ్లు వచ్చారు’ అని రాస్తే మనుషుల వరసలోకి వచ్చారు. మీకు తెలియకుండానే వాక్యం చివర లేబుల్ పడిపోతుంది. ఈ వ్యాసంలోనే వెనక్కి వెళ్లి చూడండి, వెల్స్ మార్షియన్ల దగ్గర నేనే ‘తీసుకుంటారో’ అని మొదలెట్టి, రెండు వాక్యాలకే ‘ఎక్కించుకుంటాయి’లోకి జారిపోయాను. దిద్దకుండా వదిలేశాను. కారణాలు చూస్తే వాళ్లు, రక్తం ఎక్కించుకోవడం చూస్తే అవి. ఆ పుస్తకం మీద చదివేవాడికి ఉండే ఇబ్బంది కూడా అదే.

మీ డ్రాఫ్టులో ప్రతి ‘అది, అవి, వాడు, వాళ్లు’ కింద గీత గీయండి. మొదటి నుంచి చివరి వరకు ‘అవి’ ఉంటే మాన్‌స్టర్ అని రాసెయ్యొచ్చు, పెద్దగా తప్పదు. ‘వాళ్లు’ తోనే నడిస్తే ఏలియన్. మధ్యలో ఒకచోట ‘అవి’ పోయి ‘వాళ్లు’ వచ్చిందంటే, ఆ పేజీ మడత పెట్టుకోండి. కథ మలుపు అక్కడే ఉంది, మీరు వేరేచోట అనుకుంటున్నా సరే. టెడ్ చియాంగ్ 1998లో రాసిన ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’లో వచ్చే జీవులకి ఏడు కాళ్లు, పీపా లాంటి ఒళ్లు, ఒంటి చుట్టూ కళ్లు. బొమ్మ గీస్తే పిల్లలు జడుసుకుంటారు. కథ నడిచేదే ఒక భాషాశాస్త్రవేత్త వాళ్ల భాష నేర్చుకోవడంతో కాబట్టి, తెలుగులో చెప్పేటప్పుడు రెండో పేజీకల్లా నోరు దానంతటదే ‘వాళ్లు’ అంటుంది.

రాక్షసుడు అన్న మాట వాడితే మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. రాక్షసుడు మొదటి నుంచీ ‘వాడే’. పాత కథల్లో వాడికి ఊరు, పేరు, అమ్మానాన్న, తపస్సు, వరం అన్నీ ఉంటాయి. ఒక లెక్కన ఇప్పటి ఏలియన్‌కే దగ్గర.

ఐదో మెట్టు: పక్కవాళ్ల ముఖాలు చూడండి

నోయెల్ కారొల్ అనే తత్వవేత్త 1990లో హారర్ మీద రాసిన పుస్తకంలో ఒక పోలిక ఇస్తాడు. ‘స్టార్ వార్స్’లో చ్యూబాకా ఒళ్లంతా బొచ్చున్న జీవి. నౌకలో పక్క సీట్లో కూర్చుంటాడు, ఎవరూ పట్టించుకోరు. అలాంటి వేషాన్నే తోడేలు మనుషుల హారర్ సినిమాలో పెడితే పాత్రలు అసహ్యంతో ముఖం తిప్పుకుంటాయి. ఆ జీవిని మనం ఎలా చూడాలో పక్క పాత్రలే చూపిస్తాయని ఆయన చెప్పేది. భయం ఒక్కటే చాలదు, అసహ్యం కూడా కలవాలి, ముట్టుకుంటే అంటు అన్నట్టు ఉండాలి, అప్పుడే హారర్ మాన్‌స్టర్ అంటాడు.

మీ కథలో పాత్రలు జీవిని ముట్టుకునే చోటు వెతకండి. ముట్టుకున్నాక చెయ్యి కడుక్కుందా, వేలి మీద అంటిన జిగురుని వాసన చూసిందా? డాక్టరు చూసినట్టు చూస్తే ఒక లేబుల్, వాంతి చేసుకుంటే ఇంకొకటి. అసలు ముట్టుకునే చోటే లేకపోతే, ఒకటి రాయండి.

ఆరో మెట్టు: రెండూ అయితే ఏ మాట ముందు?

ఇన్ని పరీక్షలు పెట్టినా కొన్ని కథలు సగం సగం తేలతాయి. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ సంగతే చూడండి. పేరే ఏలియన్. గుడ్డు, ముఖాన్ని పట్టుకునే పురుగు, మనిషి ఛాతీ చీల్చుకుని వచ్చే పిల్ల అంటూ దాని జీవితచక్రం ఏ జంతుశాస్త్రం పాఠానికీ తీసిపోదు. కానీ అది ఒక్క మాట మాట్లాడదు, బేరానికి రాదు, నౌకలో మూలమూలలా దాక్కుని ఒక్కొక్కరిని పట్టుకుపోతుంది. కథ నడక చూస్తే పాడుబడ్డ బంగళా కథే. దీనికి ‘సైన్స్ ఫిక్షన్ హారర్’ అని పేరు స్థిరపడింది. మన వాడుకలో చివరి మాటే అసలు వస్తువు, ముందుది దాని రంగు. మామిడికాయ పప్పు అంటే పప్పే కదా. సైన్స్ ఫిక్షన్ హారర్ అంటే హారరే. జంట లేబుల్ పెట్టేటప్పుడు ఏ మాట చివర రావాలో తేల్చుకుంటే సగం తలనొప్పి పోతుంది.

లేబుల్ ఎప్పుడూ కథలోంచే పుడుతుందనుకోకండి. చాలాసార్లు కథ అచ్చయిన చోటే తేల్చేస్తుంది. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ది కాల్ ఆఫ్ క్థుల్హు’ 1928లో ‘వియర్డ్ టేల్స్’ అనే హారర్, వింత కథల పత్రికలో వచ్చింది. క్థుల్హు నక్షత్రాల నుంచి దిగినవాడే, కానీ జనం నోట్లో ఈరోజుకీ మాన్‌స్టర్. అదే రచయిత ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ 1936లో ‘అస్టౌండింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో వచ్చింది. అందులోవీ నక్షత్రాల నుంచి వచ్చినవే. కథలోని పరిశోధకులు వాటిని కోసి చూసి, కొలతలు రాసుకుని, అవి కట్టిన నగరం గోడల మీద వాటి చరిత్ర చదువుతారు. చదివి చదివి చివరికి కథ చెప్పేవాడు వాటిని తోటి మనుషులుగానే తలుచుకుంటాడు. నాలుగో మెట్టు గుర్తుందా? అచ్చం అదే.

ఇక పుస్తకం అమ్మకానికి పెట్టేటప్పుడు మీ ఇష్టంతో పనిలేదు, వాళ్ల జాబితాలోంచే ఎంచుకోవాలి. ఇంగ్లిష్ పుస్తకాల వ్యాపారంలో వాడే బైసాక్ జాబితాలో సైన్స్ ఫిక్షన్ కింద ‘ఏలియన్ కాంటాక్ట్’ అని ఒక గడి ఉంది. పేరు చూడండి, ఏలియన్ అని వదల్లేదు, కాంటాక్ట్ అన్నారు. పరిచయం కావాలి, వేట కాదు. ప్రేమకథలైతే పిశాచాలూ రూపం మార్చేవాళ్లూ ‘పారానార్మల్’ కిందకి పోతారు, వేరే గ్రహం ప్రియుడు ‘సైన్స్ ఫిక్షన్ రొమాన్స్’ కిందకి వస్తాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల శీర్షికల్లో ఇంకో తమాషా ఉంది. అక్కడ ‘ఏలియన్స్’ అంటే చాలాకాలం విదేశీయులే. 2021లో ఆ శీర్షికని మార్చి ‘నాన్‌సిటిజన్స్’ అన్నారు. అంతరిక్షం వాళ్లకి ‘ఎక్స్‌ట్రాటెరెస్ట్రియల్ బీయింగ్స్’ అనే పొడుగు పేరు. మాన్‌స్టర్లకి ‘మాన్‌స్టర్స్’ అని సూటిగా ఉంది.

ఏడో మెట్టు: లేబుల్ గుట్టు విప్పేస్తుందేమో చూసుకోండి

మాన్‌స్టర్ అని నమ్మించి, చివర్లో పాపం దానికీ ఒక గూడు, ఒక బాధ ఉన్నాయని తేల్చే కథలున్నాయి. తిరగేసినవీ ఉన్నాయి. 2022లో వచ్చిన ‘నోప్’లో ఎగిరే పళ్లెం చూసి లోపల గ్రహాంతరవాసులున్నారని అందరూ అనుకుంటారు. తీరా పళ్లెమే జంతువు. ఇలాంటి కథకి చివరి పేజీ చూసి లేబుల్ పెట్టారంటే మలుపు చచ్చిపోతుంది. ఎక్కువ పేజీల్లో పాఠకుడు ఏ ప్రశ్నతో ఉంటాడో దానికే పెట్టండి. మలుపు తర్వాతి భాగానికి జానర్ (కథ వర్గం) మాట వాడకుండా బ్లర్బులో, అంటే అట్ట వెనక రాసే పరిచయంలో, చిన్న సందు వదిలితే చాలు. ‘అది ఏం కోరుతోందో ఎవరూ అడగలేదు’ అన్న ఒక్క వాక్యం పెట్టారనుకోండి, హారర్ అన్న లేబుల్ కింద కూడా ఏలియన్ కథ కావాలనుకునేవాళ్లు వచ్చి చేరతారు.

సీరియల్‌గా రాస్తున్నవాళ్లకి ఇంకో చిక్కు. మొదటి భాగం మాన్‌స్టర్, రెండో భాగానికి దాని భాష తెలిసిపోయింది. అప్పుడు రెండోదానికే లేబుల్ మార్చండి, మొదటిదాన్ని ముట్టుకోకండి.

ఎనిమిదో మెట్టు: లేబుల్ చింపేసి నలుగురికి ఇవ్వండి

మొదటి రెండు పేజీలు మాత్రమే, పేరు కూడా లేకుండా, నలుగురికి చదవడానికివ్వండి. బాగుందా అని అడక్కండి, అందరూ బాగుందనే అంటారు. చదవగానే మనసులో వచ్చిన మూడు ప్రశ్నలు రాసిమ్మనండి. ‘ఎందుకు, ఎలా, ఏం కావాలి’ అన్నవి ఒక పక్క, ‘ఎప్పుడు, ఎక్కడ, ఎవరు’ అన్నవి ఒక పక్క పెట్టి లెక్కపెట్టండి. పన్నెండింటిలో తొమ్మిదో పదో ఒక పక్కకి పడితే లేబుల్ తేలిపోయినట్టే, పెట్టేసి పంపించండి. ఆరూ ఆరూ వస్తే మాత్రం లేబుల్ కోసం ఇంకెవర్నీ అడగొద్దు. మూడో మెట్టుకి వెళ్లి ఆ జీవి కనిపించే మొదటి సీను ఒక్కటే మళ్లీ రాయండి, దాని చేతికి ఒక తాళం ఇవ్వాలో వద్దో అక్కడే తేల్చుకోండి.